తిరగేసిన ఇరుసు

ఆ సోమవారం పొద్దున మొహిద్దీన్ బాషా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండెక్కకముందే పికప్పు క్లచ్చి ఊడదియ్యాలి, మధ్యాహ్నానికి కొత్త ప్లేటు వేసి బిగించాలి, తెల్లారి జక్రయ్య మిరపకాయలు ఎక్కించుకుని గుంటూరు పోవాలి. ఇంత చిన్న పథకం తలకిందులైతే చూడటానికి సగం ఊరు పనులు మానుకుని వస్తుందని అతను అనుకోలేదు.

అతనికి కోపం అప్పటికే వచ్చి ఉంది. అది మొన్న గుంటూరులో వచ్చింది. క్లచ్చి జారిపోతోంది, ఇంజను అరుస్తోంది గాని పికప్పు కదలటం లేదని చెబితే, మెకానిక్ గౌస్ బాషా టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, "సీజను కదన్నా. నా దగ్గర లారీలే క్యూ కట్టాయి. మిరపకాయల రద్దీ తగ్గినాక తీసుకురా, చూద్దాం" అన్నాడు. మిరపకాయల రద్దీ తగ్గినాక పికప్పు ఎందుకు, అందులో పడుకుని నిద్రపోవటానికా? ఆ మాటే అడిగేసి, కొత్త క్లచ్చి ప్లేటు కొనుక్కుని, జారే క్లచ్చితోనే మూలుగుతూ ముక్కుతూ ఇల్లు చేరాడు. ఆ చేరటంలో ఉన్న కాస్త క్లచ్చీ అయిపోయింది.

పికప్పు యుద్ధం నాటిది. మిలిటరీ వాళ్ళ వేలంలో బయటపడి, చేతులు మారి మారి, పర్చూరు పక్కనున్న ఆ ఊరికి వచ్చింది. అప్పటిదాకా ఊళ్ళో మిరపగానీ పత్తిగానీ గుంటూరు పోవాలంటే బుల్లయ్య ఎద్దుబండ్లే గతి. మొహిద్దీన్ బాషా ఏడాదిపాటు ప్రతి అరుగూ ఎక్కి బతిమాలగా, ఈ ఏడు జక్రయ్య సరేనన్నాడు. జక్రయ్య నిన్నమొన్నటిదాకా కూలికి వెళ్ళినవాడు. కౌలుకు తీసుకుని చేసిన మొదటి పంట అది. చర్చిలో సంఘపెద్ద కాబట్టి అతని మాట మీద ఇంకొందరు కూడా, ముందు నీ లోడు చేరనీ, తర్వాత మేమూ వేస్తాం అన్నారు. ఆ ఒక్క లోడు తడవకుండా గుంటూరు చేరితే పికప్పు బతుకుతుంది. చేరకపోతే దాని మీద ఊళ్ళో ఎవరూ పిడకలు కూడా ఎక్కించరు. అవతల దక్షిణాన మబ్బు పడుతోంది. తడిసిన మిరపకాయ నల్లబడుతుంది, నల్లబడ్డ కాయను ఉచితంగా ఇచ్చినా వ్యాపారి ముట్టుకోడు.

ఇక మొహిద్దీన్ బాషాకు సాయం చెయ్యటానికి ఉన్నది అంకయ్య ఒక్కడు. జీవితమంతా బుల్లయ్య దగ్గర బండి తోలి, ముసలితనంలో అతనితో తగవు పడి ఇక్కడికి వచ్చాడు. ఇరుసు చప్పుడు విని బండి ఎవరిదో చెప్పగలడు. పని చెబితే చేస్తాడు, చెప్పకపోతే ఇంకా ఎక్కువ చేస్తాడు. అతనికి చెడ్డ ఉద్దేశమనేది బొత్తిగా లేదు, అదే అతనితో వచ్చిన చిక్కు.

ఆ రకం పికప్పులో క్లచ్చి ముట్టుకోవాలంటే గేరుబాక్సు దించాలి. గేరుబాక్సు దించాలంటే ముందు వెనక ఇరుసు మొత్తం ఊడదీసి పక్కన పెట్టాలి. చక్రాలు తీశాక పికప్పును ఎత్తి నిలపటానికి ఏదన్నా కావాలి గదా అని, ఇద్దరూ కలిసి వంటింటి ముందున్న రోలు దొర్లించుకొచ్చి దాని కింద పెట్టారు. మొహిద్దీన్ బాషా భార్య రహిమున్నీసా పచ్చిమిరపకాయలు పట్టుకుని బయటికి వచ్చి, రోలు ఉండాల్సిన చోట గుంట చూసింది.

"రోలేదండీ?"

"పికప్పు కింద ఉంది."

"మరి నేను పచ్చడి ఎందులో నూరాలి?"

"ఒక్క పూట పచ్చడి లేకపోతే ఎవరూ చచ్చిపోరు."

"మీరు చావరు. మీ ఒంట్లో కారం మీకు చాలుద్ది" అని ఆమె లోపలికి వెళ్ళి, కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి చాట కనబడలేదు. చాటలో నట్లూ బోల్టులూ ఉన్నాయి. బిర్యానీ వండే దేగిసాలో కిరసనాయిలు ఉంది, కిరసనాయిల్లో గేర్లు మునిగి ఉన్నాయి. ఆమె దేగిసా వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఏమన్నా అంటే బాగుండేది. తిరిగి అరవటానికి అతను సిద్ధంగా ఉన్నాడు.

మధ్యాహ్నానికి నిజంగానే కొత్త ప్లేటు పడింది, గేరుబాక్సు ఎక్కింది, ఇరుసు బిగిసింది. మొహిద్దీన్ బాషా మసి చేతులతోనే ఎక్కి ఇంజను వేశాడు. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాడు. ఇంజను అరిచింది, పికప్పు కదల్లేదు. పాత ప్లేటుతో అయినా కాస్త మూలిగేది, కొత్త ప్లేటుతో అదీ లేదు. కాలిన ఆముదం వాసన మాత్రం గుప్పున వచ్చింది.

"అంకయ్యా, ఈ వాసనేంది?"

"ఆముదమండీ సాయిబు గారూ."

"ఆముదం ఎక్కడిది?"

అంకయ్య మొహంలో వెలుగు వచ్చింది. "మీరు చూసుకోలేదు గానీ, ఆ కొత్త బిళ్ళ ఎండిపోయి ఉందండి. చుక్క కందెన లేదు. కొట్టువాళ్ళు ఎంత మోసం చేశారో చూడండి. తిరిగే వస్తువు ఎండిపోయి ఉంటే ఎట్టా ఉంటది? మీరు చెయ్యి కడుక్కునేటప్పుడు రెండు పక్కలా బాగా పట్టించాను."

ఎద్దుబండి ఇరుసుకు ఆముదం పట్టించకుండా పొలిమేర దాటినవాడు ఆ చుట్టుపక్కల లేడు. క్లచ్చి ప్లేటు ఎండుగా ఉంటేనే పట్టుకుంటుందని, తడి తగిలితే జారిపోతుందని అంకయ్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు తనే అన్న సంగతి మొహిద్దీన్ బాషాకు తెలుసు, అందుకే కోపం రెట్టింపయ్యింది. ఆముదాన్ని తిట్టాడు, ఆముదం చెట్టును తిట్టాడు, గానుగను తిట్టాడు. అంకయ్యను మాత్రం, పెద్దవాడు కాబట్టి, "ఏమయ్యా అంకయ్యా" అని మాత్రమే అన్నాడు. అదే అరగంటసేపు అన్నాడు.

మళ్ళీ చక్రాలు దిగాయి, ఇరుసు దిగింది, గేరుబాక్సు దిగింది. ప్లేటును కిరసనాయిలుతో కడిగి, రహిమున్నీసా పొయ్యిలో బూడిద తెచ్చి రుద్ది, ఎండలో పెట్టారు. ఎండ వస్తూ పోతూ ఉంది, మబ్బు మాత్రం రావటమే గాని పోవటం లేదు. ఈ లోపల జక్రయ్య మనుషులు మిరపకాయలు కూరిన గోనె టిక్కీలు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి, పికప్పు పేగులన్నీ బయటపడి ఉండటం చూసి, వసారాలో దించి వెళ్ళారు. చివరి టిక్కీతో జక్రయ్యే వచ్చాడు.

"బాషా, రేపు పోతామంటావా?"

"పోతాం."

"బుల్లయ్య మనిషిని పంపాడు. పికప్పు పని అయిపోయింది, కాయ నా బండ్లకెత్తు అంటున్నాడు. ఇంటిది కూడా అదే నయమంటంది." జక్రయ్య గొంతు తగ్గించాడు. "నాకిది ఒక్కటే పంట బాషా. నువ్వు పోలేనంటే పోలేనని ఇప్పుడే చెప్పు. నేనేమీ అనుకోను."

ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. జక్రయ్య మీద కోపం రాలేదు, రావటానికి వీల్లేదు. అందుకని అది మొత్తం బుల్లయ్య మీదికి మళ్ళింది. గేరుబాక్సు ఎక్కించటం అయ్యేదాకా పళ్ళు కొరుక్కుంటూ ఆగి, "అంకయ్యా, ప్లేటు జోలికి పోబాక, అది లోపలుంది, నీకు అందదులే. ఇరుసొక్కటి ఎక్కించి బిగించు. నేను ఇప్పుడే వస్తా" అని చెప్పి టీ కొట్టు దగ్గరికి పోయాడు. బుల్లయ్య అక్కడే ఉన్నాడు, నలుగురూ చుట్టూ ఉన్నారు.

"ఏరా బాషా, పికప్పుకు పురుడు పోస్తున్నావంట?" అన్నాడు బుల్లయ్య.

"నా లోడు మీద చెయ్యేస్తున్నావంట నువ్వు."

"చెయ్యి కాదురా, జాలి. పాపం జక్రయ్య మొదటి పంట."

"విను బుల్లయ్యా. రేపు నీ ఎద్దులు సగం దారి నడిచేసరికి నా పికప్పు వాటిని దాటిపోయిద్ది. దాని మొహం నీకు బాగా కనపడేట్టు తోలతా, చూసుకో" అని అందరిముందూ అనేసి వచ్చాడు. వచ్చేసరికి చీకటి పడింది, ఇరుసు ఎక్కింది, నట్లు బిగిశాయి. అంకయ్య కాళ్ళు చాపుకుని బీడీ కాలుస్తున్నాడు. అతని మొహంలో మళ్ళీ ఆ వెలుగు ఉంది. మొహిద్దీన్ బాషా అలసిపోయి ఉన్నాడు కాబట్టి అది గమనించలేదు.

తెల్లవారేసరికి టిక్కీలు ఎక్కించారు. టార్పాలిన్ లేదు, ఉన్నది రెండు ఈతచాపలు, వాటినే పైన కప్పారు. బుల్లయ్య బండ్లు అప్పటికే బయల్దేరి పోయాయి. జక్రయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. జక్రయ్య భార్య ఎలీసమ్మతో సహా సగం ఊరు గేటు బయట నిలబడి చూస్తోంది. మొహిద్దీన్ బాషా గేటు వైపు చూస్తూ మొదటి గేరు వేసి, క్లచ్చి వదిలాడు. క్లచ్చి ఈసారి గట్టిగా పట్టుకుంది. పికప్పు ఒక్క దూకు దూకింది, వెనక్కి.

స్నానాల తడిక పడిపోయింది. గేరు తప్పు పడిందేమోనని రెండోది వేశాడు. ఇంకా వేగంగా వెనక్కి పోయి, ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవటానికి రహిమున్నీసా దొడ్లో ఎండబోసుకున్న మిరపకాయల మీదికి ఎక్కింది. పట్టుదల కొద్దీ అక్కడే చక్రాలు గిర్రున తిరిగాయి. ఎర్రటి దుమ్ము లేచింది. గేటు బయట నిలబడ్డ సగం ఊరూ తుమ్ములతో దగ్గులతో వీధి చివరికి పరిగెత్తింది. రహిమున్నీసా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, చక్రాల కింద చూసి, "రోలు లేకపోయినా కారం అయింది" అంది.

మూడో గేరు వేస్తే ఏమవుతుందో మొహిద్దీన్ బాషా ఊహించుకోగలడు. అందుకని వెనక గేరు వేసి చూశాడు. పికప్పు మూలుక్కుంటూ ముందుకు కదిలింది. అతను ఇంజను ఆపి, దిగి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, చాలా మెల్లగా అడిగాడు. "అంకయ్యా, నిన్న ఇరుసును ఏం చేశావు?"

"అడుగుతారనుకున్నానండి" అన్నాడు అంకయ్య సంతోషంగా. "ఎడమ కొస ఎక్కువ అరిగింది, మీరు చూసుకోలేదు. అందుకని పైది కిందికి చేసి, ఎడమ కొస కుడికి వచ్చేట్టు తిరగేసి వేశాను. ఇంకో పదేళ్ళు వస్తది."

అరిగిన ఇరుసును తిరగేసి వెయ్యటం బండి తోలేవాళ్ళకు అన్నం తిన్నంత సహజం. ఎద్దుబండిలో లాగేవి ఎద్దులు కాబట్టి ఇరుసు ఎటు తిప్పినా ఒకటే. పికప్పులో లాగేది ఆ ఇరుసే కాబట్టి, దాన్ని తిరగేస్తే పికప్పు మొత్తం తిరగేసినట్టే. ముందుకు పోయే గేర్లు మూడూ వెనక్కి పోతాయి, వెనక గేరు ఒక్కటే ముందుకు పోతుంది. మొహిద్దీన్ బాషా భుజం మీది తువ్వాలు తీసి నేలకేసి కొట్టాడు, మళ్ళీ తీసి దులిపాడు, మళ్ళీ కొట్టాడు. ఇరుసు విప్పి మళ్ళీ వెయ్యాలంటే ఒక పూట కావాలి. మబ్బు ఆ పూట ఇచ్చేటట్టు లేదు.

ముందు సీట్లోంచి జక్రయ్య తల బయట పెట్టాడు. ఎలీసమ్మ వీధి చివరి నించి ఏదో అరుస్తోంది, వినపడకపోయినా ఏమంటోందో తెలుస్తూనే ఉంది.

"ముందుకు పోయిద్దిగా బాషా?"

"పోయిద్ది. నడిచినట్టు పోయిద్ది."

"అయితే నడిపించు" అన్నాడు జక్రయ్య. అంకయ్య టిక్కీల మీదికి ఎక్కాడు. అతన్ని దిగిపొమ్మనటానికి కూడా మొహిద్దీన్ బాషాకు ఓపిక లేదు.

వెనక గేరుతో ముందుకు పోతుంటే ఇంజను పెట్టే గోల ఊరవతల పొలాల్లో పత్తి ఏరేవాళ్ళను నడుములెత్తి చూసేట్టు చేసింది. ఆ గేరులో పికప్పు ఎంత అరిచినా, ఎద్దులకంటే కాస్త వేగంగా మాత్రమే పోగలదు. అదీ రేడియేటర్లో నీళ్ళు కాగి పొగలు వచ్చేదాకా. కిందామీదా పడి బుల్లయ్య బండ్లను దాటేవాడు, వెంటనే ఆగి కాలవలో నీళ్ళు తెచ్చి పోసుకునేవాడు, ఆ లోపల బండ్లు తాపీగా దాటిపోయేవి. ప్రతిసారీ బుల్లయ్య ఏదో ఒకటి అనేవాడు. చివరిసారి చర్నాకోల కింద పెట్టి, "అలిసిపోయినట్టుంది, పగ్గం ఇవ్వనా? నా బండి వెనక కట్టుకో" అన్నాడు.

మొహిద్దీన్ బాషా సహనం అక్కడితో సరి. పొలంలోకి దిగే ఏటవాలు దగ్గర పికప్పును అడ్డంగా తిప్పి, దాని మొహం సొంత ఊరి వైపు, వెనక భాగం గుంటూరు వైపు వచ్చేట్టు పెట్టాడు. జక్రయ్య సంగతి అర్థమయ్యి సీటు గట్టిగా పట్టుకున్నాడు.

"బాషా, నా పంట."

"నీ పంటకోసమే" అని, మొదటిదీ రెండోదీ దాటి మూడో గేరు వేశాడు.

బుల్లయ్య బండ్ల పక్కనించి పికప్పు వెనక్కి దూసుకుపోయింది. దాటిపోయాక కూడా దాని మొహం ఎద్దుల వైపే చూస్తూ, చిన్నదైపోతూ చాలాసేపు కనబడింది. ముందురోజు టీ కొట్టు దగ్గర ఇచ్చిన మాట ఇంత అక్షరాలా నిలబడినందుకు సంతోషించే తీరిక మొహిద్దీన్ బాషాకు లేదు. మెడ వెనక్కి తిప్పితే టిక్కీలు తప్ప ఏమీ కనపడవు. టిక్కీల మీద గుంటూరు వైపు తిరిగి నిలబడ్డ అంకయ్య కళ్ళే గతి. అంకయ్య ఎద్దులకు చెప్పినట్టే, కుడి అనటానికి వలపట అనీ, ఎడమ అనటానికి దాపట అనీ కేకలు పెడుతున్నాడు.

"వలపట, వలపట."

మొహిద్దీన్ బాషా తన కుడికి తిప్పాడు. పికప్పు తుమ్మ చెట్టును రాసుకుంటూ పోయింది.

"వలపటంటే దాపటకు తిప్పుతారేందయ్యా?"

"ఎవరి వలపట? నీదా, నాదా?"

"ఎద్దులదండీ."

"ఎద్దులెక్కడున్నాయి ఇక్కడ?"

ఇద్దరూ దారి పొడుగునా అదే విషయం మీద అరుచుకున్నారు. జక్రయ్య కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, ఇద్దరికోసం కలిపి ప్రార్థన చేశాడు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు బస్సును పక్కకు దించి, ఆపి, కిందికి దిగి, పికప్పు కనుమరుగయ్యేదాకా చూశాడు.

గుంటూరు పొలిమేరలో కానిస్టేబులు ఒకడు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. మిరపకాయల లారీలతో బజారంతా నిండిపోయిందని, ఊళ్ళోకి వచ్చే సరుకు బండ్లన్నిటినీ అక్కడే ఆపేస్తున్నాడు. తన ముందు ఆగిన పికప్పు మొహం ఊరి బయటికి తిరిగి ఉంది కాబట్టి అది ఊళ్ళోంచి పోతోందనే అనుకున్నాడు. "పోనీ, పోనీ, దారికడ్డం లేకుండా త్వరగా పోనీ" అని చెయ్యి ఊపాడు. మొహిద్దీన్ బాషా త్వరగా పోనిచ్చాడు. అది ఎటు పోయిందో కానిస్టేబులు గ్రహించేసరికి మలుపు తిరిగిపోయింది.

మిరపకాయలు దించాల్సిన కమీషన్ కొట్టు ఉన్న సందు చాలా ఇరుకు. లోపల తిప్పుకోవటానికి చోటు లేదు, చివర రేకుల షెడ్డు, అంతే. లారీ ఏదైనా సందు మొగలో తిరిగి, వెనక్కి నడుపుకుంటూ లోపలికి పోవాలి. ఆ పూట మొగలో మూడు లారీలు ఎవరు ముందు తిరగాలన్న విషయం మీద ఒకదాని ముక్కు ఒకదానికి తగిలేట్టు నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు ముగ్గురూ కింద నిలబడి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. పైన మబ్బు నల్లగా దిగింది. షెడ్డులో ఇంక ఒక్క లోడుకే చోటుందని గుమాస్తా అరుస్తున్నాడు.

అప్పుడు అంకయ్య కేకలు వినబడ్డాయి. పికప్పు వెనక భాగం ముందుగా పెట్టుకుని, మూడో గేరులో, లారీల పక్కన మిగిలిన కాస్త ఖాళీలోంచి దూరి, ఒక్క గోడకూ తగలకుండా తిన్నగా షెడ్డులోకి పోయి ఆగింది. తగలకపోవటానికి కారణం, చివరి ఫర్లాంగు మొహిద్దీన్ బాషా కోపంతో అంకయ్య చెప్పిన వైపు కాకుండా రెండో వైపే తిప్పటం. ఆగిన మరుక్షణం రేకుల మీద చినుకులు టపటపా మొదలయ్యాయి. జక్రయ్య దిగి, టిక్కీల మధ్య చెయ్యి పెట్టి చూసుకున్నాడు. గలగలమంటున్నాయి, ఎండుగా ఉన్నాయి. అతను మొహిద్దీన్ బాషా మసి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, గట్టిగా నొక్కి వదిలేశాడు. మొహిద్దీన్ బాషా మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళలో కారం పడిందన్నాడు.

వాన వెలిసేసరికి కబురు బజారంతా పాకింది. లారీల క్యూ వదిలేసి గౌస్ బాషా స్వయంగా నడిచొచ్చాడు. పికప్పు కిందికి దూరి, చాలాసేపు బయటికి రాలేదు, లోపలినించి నవ్వు మాత్రం వినబడింది. "ఇన్నేళ్ళలో ఇట్టాంటి ఫిట్టింగు చూళ్ళేదన్నా. ఇది నేనే విప్పాలి" అని, సీజను గీజను అనకుండా ఆ సాయంత్రమే ఇరుసు సరిగ్గా వేసి ఇచ్చాడు. జక్రయ్య సరుకు తూకం వేయించుకుని ముందే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు మొహిద్దీన్ బాషా తిరిగొచ్చాడు. మొదటి గేరు ముందుకు పోయింది, రెండోదీ పోయింది, మూడోదీ పోయింది. మెడ తిన్నగా ఉంది. దారిలో పత్తి మిల్లు షెడ్డు కింద బుల్లయ్య బండ్లు ఆరబెట్టుకుంటూ కనబడినా ఆగి ఏమీ అనలేదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి అతనికి ఎవరి మీదా కోపం లేదు, వెనక టిక్కీలు లేని చోట కూర్చుని కునుకు తీస్తున్న అంకయ్య మీద కూడా.

ఊరి మొగలోనే రైతులందరూ నిలబడి ఉన్నారు. మూడు లారీలను తోసిరాజని పికప్పు వెనక్కి నడిచి షెడ్డులోకి ఎలా పోయిందో జక్రయ్య ఇంటింటికీ చెప్పాడు, అందరూ లోళ్ళు సిద్ధం చేసుకున్నారు. పికప్పు ముందుకు నడిచి వచ్చి వాళ్ళ ఎదురుగా ఆగింది. వాళ్ళు దాన్ని ఒకసారి చూసి, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఇదేంది, మొహం ఇటుంది? నిన్నటిదాకా బాగానే ఉందంటిరే" అన్నాడు ఒకాయన.

"గుంటూరోళ్ళు పాడుచేసి పంపారు" అన్నాడు ఇంకొకాయన. "బాషా, మా లోళ్ళు నీకే ఇస్తాం గానీ, మళ్ళీ నిన్నటిలాగా వెనక్కి పోయేట్టు చేయించు."

మొహిద్దీన్ బాషా తువ్వాలు తీసి, వెనక్కి తిరిగి, అంకయ్య కోసం చూశాడు. అంకయ్య అప్పటికే పానా పట్టుకుని వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు.